తిప్పుకీ తిప్పుకీ మధ్య

1982 జూన్ 5న బుడాపెస్ట్‌లో రూబిక్ క్యూబ్ తొలి ప్రపంచ పోటీ జరిగింది. అమెరికా తరఫున వెళ్లిన మిన్ థాయ్ 22.95 సెకన్లలో క్యూబ్‌ను సరిచేసి గెలిచాడు. 2023 జూన్‌లో కాలిఫోర్నియాలో మ్యాక్స్ పార్క్ 3.13 సెకన్లకు దిగాడు. 2025 ఏప్రిల్‌లో చైనాలో ఏడేళ్ల షువాన్యి గెంగ్ 3.05 సెకన్లలోనే ముగించాడు. ఈ నాలుగు దశాబ్దాల్లో క్యూబ్ నున్నబడింది, లోపల చిన్న చిన్న అయస్కాంతాలు చేరాయి, సాల్వ్ చేసే పద్ధతులు పదునెక్కాయి. గడియారం చెప్పే సంగతి మాత్రం మారలేదు. అప్పుడూ ఇప్పుడూ అది చెప్పేది ఒకే ఒక్క అంకె.

ఇరవై సెకన్లు పట్టిందంటే, ఆ ఇరవై ఎక్కడ ఖర్చయ్యాయి? వేళ్లు మెల్లగా కదిలాయా, కళ్లు వెతుక్కుంటూ ఉండిపోయాయా, మధ్యలో తప్పు తిప్పి వెనక్కి వచ్చారా? గడియారానికి తెలియదు. సాల్వ్ చేసినవారికీ సరిగా గుర్తుండదు, ఎందుకంటే ఆ సమయంలో మనసు క్యూబ్ మీదే ఉంటుంది. వీడియో తీసి నెమ్మదిగా చూసుకోవచ్చు, చాలామంది చూసుకున్నారు కూడా. కానీ రోజూ చేసే ప్రతి సాల్వ్‌నూ అలా ఫ్రేము ఫ్రేముగా చూసే ఓపిక ఎవరికుంటుంది? 2018 ప్రాంతంలో గీకర్, గోక్యూబ్ వంటి కొత్తరకం క్యూబ్‌లు, 2019లో గాన్ సంస్థవారి 356ఐ మార్కెట్లోకి వచ్చాక ఆ పని క్యూబే చేసిపెట్టడం మొదలైంది. ప్రతి తిప్పునూ, అది ఏ క్షణాన జరిగిందో దానితో సహా, బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు పంపే క్యూబ్ ఇది. స్మార్ట్ క్యూబ్ అంటున్నారు. పిల్లలు దీన్ని బొమ్మగా కొంటారు. నా దృష్టిలో మాత్రం ఇది కొలత పరికరం. వేగంగా సాల్వ్ చేయడం అంటే వేళ్ల వేగం అని అందరం అనుకుంటాం కదా, ఆ నమ్మకాన్ని ఇది ఇంట్లోనే, మన చేతులతోనే పరీక్షకు పెడుతుంది.

ముందు దీని లోపలికి వెళ్దాం. మూడు వరుసల క్యూబ్‌లో బయటికి కనిపించే ముక్కలు 26. మూలల్లో 8, అంచుల్లో 12, ముఖాల నడుమ 6. మూల ముక్కలూ అంచు ముక్కలూ క్యూబంతా తిరుగుతూ ఉంటాయి. నడిమి ముక్కలు ఆరూ ఎక్కడికీ పోవు. అవి లోపలి ఇరుసుకు బిగించి ఉంటాయి, ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. 1974లో బుడాపెస్ట్‌లో వాస్తుశిల్ప విద్యార్థులకు పాఠాలు చెప్పే ఎర్నో రూబిక్ ఈ అమరికను కనిపెట్టినప్పుడు ఎలక్ట్రానిక్స్ ఊసే ఎత్తి ఉండడు. కానీ నలభై ఏళ్ల తర్వాత వచ్చిన ఇంజినీర్ల పనిని ఆ అమరికే సులువు చేసింది. క్యూబ్ మీద ఎవరేం చేసినా, చివరికి జరిగేది ఆరు నడిమి ముక్కల్లో ఏదో ఒకటి పావు చుట్టు తిరగడమే. కాబట్టి ఆరు ఇరుసుల చివర ఆరు చిన్న సెన్సర్లు పెడితే చాలు. నడుమనున్న గుండ్రటి గుల్లలో బ్యాటరీ, ఒక చిప్, రేడియో సర్దుకుంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. స్మార్ట్ క్యూబ్ రంగులను చూడదు. ఏ ముక్క ఎక్కడుందో దానికి తెలియదు. దానికి తెలిసిందల్లా ఒక్కటే: తెల్ల ముఖం కుడివైపు పావు చుట్టు తిరిగింది, తర్వాత ఎర్ర ముఖం ఎడమవైపు తిరిగింది. మొదట్లో క్యూబ్ సరిగ్గా ఉందని దానికి చెప్పి ఉంటాం. అక్కడి నుంచి ఒక్కో తిప్పునూ లెక్కలో వేసుకుంటూ, ఇప్పుడు ఏ ముక్క ఎక్కడ ఉండాలో గణిస్తుంది. మధ్యలో ఒక్క తిప్పు లెక్క తప్పినా, ఒక మూల ముక్క చేతి ఒత్తిడికి ఉన్నచోటే మెలిపడినా, ఫోన్‌లో బొమ్మ ఒకలా, చేతిలో క్యూబ్ మరొకలా ఉంటాయి. అందుకే యాప్‌లలో ఒక బటన్ ఉంటుంది. క్యూబ్‌ను చేత్తో సరిచేసి, అది నొక్కి, 'ఇక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు' అని చెప్పాలి.

ఈ గణన ఎంత తేలికో చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది. క్యూబ్ ఉండగలిగే స్థితులు 43,252,003,274,489,856,000. మన లెక్కలో సుమారు 4 లక్షల 32 వేల కోట్ల కోట్లు. ఇంత పెద్ద సంఖ్యలో ఫలానా స్థితి అని గుర్తుపెట్టుకోవడానికి 66 బిట్లు చాలు. అంటే 9 బైట్లు. ఫోన్‌లో సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో 'పలక' అని తెలుగులో రాసుకోవడానికి పట్టే చోటూ అంతే. ఇక ఒక్కో తిప్పుకు ఉన్న అవకాశాలు 12 మాత్రమే, ఆరు ముఖాలు, ఒక్కోదానికి రెండు దిక్కులు. దానికి 4 బిట్లు ఎక్కువే.

చిక్కంతా నడి పొరతో వస్తుంది. కుడి పొరకూ ఎడమ పొరకూ మధ్యనున్న నిలువు పొరను వేలితో కిందికి లాగామనుకోండి. ఆ పొరలో నాలుగు నడిమి ముక్కలున్నాయి. అవి కదిలితే ఇరుసుల అమరిక మొత్తం వాటితో పాటే తిరుగుతుంది. సెన్సర్లకు మాత్రం కుడి, ఎడమ ముఖాలు రెండూ ఒకేసారి ఎదురు దిక్కుల్లో తిరిగినట్టు తోస్తుంది. రెండూ దాదాపు ఒకే క్షణంలో జరిగాయి కాబట్టి యాప్ వాటిని కలిపి నడి పొర తిప్పుగా రాసుకుంటుంది. తర్వాత ఇంకో సంగతి. తెలుపు పైన, ఆకుపచ్చ ముందు ఉండగా నడి పొరను ఒకసారి కిందికి లాగితే వెనకున్న నీలం పైకి వస్తుంది. ఇప్పుడు మీరు పై పొరను తిప్పితే మీ లెక్కలో అది 'పై పొర'. క్యూబ్ మాత్రం 'నీలం ముఖం తిరిగింది' అంటుంది. దానికి పైనా కిందా తెలియవు, రంగు పేర్లే తెలుసు. మీ భాషలోకి మార్చే పని యాప్‌ది. క్యూబ్‌ను మొత్తంగా చేతిలో అటూ ఇటూ తిప్పి పట్టుకుంటే సెన్సర్లకు అసలు ఏమీ జరగనట్టే. దాన్ని పట్టుకోవడానికే కొన్ని మోడళ్లలో గైరోస్కోప్ పెడతారు. అది ఉంటే తెర మీది బొమ్మ మీ చేతిలోని క్యూబ్‌తో పాటే ఒరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ బ్యాటరీని తినేస్తుంది. సాధనకు అది తప్పనిసరి కాదని నా అభిప్రాయం.

కాలాన్ని కొలవడం ఇంకా సున్నితమైన వ్యవహారం. చేయి తిరిగినవాళ్లు సెకనుకు పది తిప్పుల దాకా వేస్తారు. అంటే తిప్పుకు పదో వంతు సెకను. రేడియో సందేశం ఫోన్‌కు చేరడంలో కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ ఆలస్యం కావచ్చు, పక్కన వైఫై రద్దీగా ఉంటే మరీను. కాబట్టి సందేశం ఎప్పుడు అందింది అన్నదాన్ని నమ్ముకుంటే లెక్క చెడుతుంది. మంచి స్మార్ట్ క్యూబ్‌లు ప్రతి తిప్పు మీదా తమ సొంత గడియారం చూసి వేళ వేసి పంపుతాయి. సందేశం ఆలస్యంగా వచ్చినా తిప్పు జరిగిన వేళ చెరగదు. అయితే క్యూబ్‌లోని గడియారమూ ఫోన్‌లోని గడియారమూ ఒకే నడకలో నడవవు. ఒకటి రవ్వంత ముందు, ఒకటి రవ్వంత వెనక. యాప్ రెండింటినీ పోల్చి, ఒక సరళరేఖ గీసి, తేడాను సరిదిద్దుకుంటుంది. దారిలో ఒక సందేశం తప్పిపోతే దానికీ మార్గముంది. గాన్ క్యూబ్‌లు కొన్ని ప్రతి సందేశంలోనూ తాజా తిప్పుతో పాటు అంతకు ముందు జరిగిన కొన్ని తిప్పులనూ, ఒక వరుస సంఖ్యనూ కలిపి పంపుతాయి. నంబరు ఎగిరిపోయిందని గమనిస్తే యాప్ వెనకటి తిప్పులను అందులోంచే తీసుకుంటుంది.

ఆ సందేశాలను కొన్ని కంపెనీలు రహస్య సంకేతంలోకి మార్చి పంపుతాయి. గాన్ వాడేది ఏఈఎస్ పద్ధతి, దాని తాళం ఆ క్యూబ్ బ్లూటూత్ చిరునామాతో ముడిపడి ఉంటుంది. వెబ్ బ్రౌజర్లు భద్రత కోసం ఆ చిరునామాను పేజీలకు మామూలుగా చూపించవు. సీఎస్‌టైమర్ అనే ఉచిత టైమర్ కొన్నిసార్లు మొదటిసారి కలిపేటప్పుడు 'మీ క్యూబ్ చిరునామా టైప్ చేయండి' అని అడిగేది ఇందుకే. నా చేతుల కదలికల లెక్క నేను కొన్న వస్తువులోంచి నాకు తెరిచి ఇవ్వకపోవడం నాకు నచ్చదు. ఔత్సాహిక ప్రోగ్రామర్లు ఆ సంకేతాన్ని విప్పి, అందరికీ అందుబాటులో పెట్టకపోతే ఈ రంగం కంపెనీల సొంత యాప్‌ల దగ్గరే ఆగిపోయేది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఎక్కువమంది వాడే పద్ధతి సీఎఫ్‌ఓపీ. అది నాలుగు అంచెలు. మొదట ఒక ముఖం మీద క్రాస్ వేస్తారు. తర్వాత మూల, అంచు ముక్కలను జంటలుగా కలిపి కింది రెండు పొరలు నింపుతారు, నాలుగు జంటలు. మూడో అంచెలో పై ముఖమంతా ఒకే రంగుకు తెస్తారు, దానికి 57 సందర్భాలు. చివరగా పై పొర ముక్కలను వాటి స్థానాలకు చేరుస్తారు, దానికి 21. అన్నీ కలిపి సుమారు 60 తిప్పులు. ఇరవై సెకన్ల క్యూబర్‌ను తీసుకోండి. ఆయన వేళ్లు కదులుతున్నప్పుడు సెకనుకు ఆరు తిప్పులు వేయగలరనుకుందాం, అదేమీ గొప్ప వేగం కాదు. 60 తిప్పులకు 10 సెకన్లు. మిగిలిన పది సెకన్లూ క్యూబ్ కదలకుండా చేతిలో ఉంది. సగం సమయం ఆయన సాల్వ్ చేయలేదు, చూస్తున్నారు.

యాప్ దీన్ని రెండు పేర్లతో విడదీసి చూపిస్తుంది: గుర్తుపట్టిన కాలం, తిప్పిన కాలం. ప్రతి అంచెకూ విడివిడిగా, తిప్పులను ఒక గీత మీద గుర్తులుగా పెట్టి.

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి. పాతిక సెకన్ల దగ్గర చిక్కుకుపోయి కిందికి దిగడం లేదు. "బాబాయ్, నా వేళ్లు స్లో. క్యూబ్‌కు లూబ్ వేస్తే స్పీడ్ వస్తుందేమో" అంది. స్మార్ట్ క్యూబ్‌తో చేసిన ఒక సాల్వ్‌ను తెరిచి ఇద్దరం కూర్చున్నాం. క్రాస్ బాగానే ఉంది. మొదటి జంట వెంటనే దొరికింది. రెండో జంట వేసిన తర్వాత గీత ఖాళీగా ఉంది, దాదాపు రెండు సెకన్లు. మూడో జంట తర్వాత మళ్లీ అంతే. తిప్పులు మాత్రం దగ్గరదగ్గరగా, చక్కగా ఉన్నాయి. రీప్లేను సరిగ్గా ఆ మొదటి ఖాళీ దగ్గర ఆపి, "ఇప్పుడు నీక్కావలసిన మూల ముక్క ఎక్కడుంది?" అని అడిగాను. తెర మీద వేలు పెట్టింది. పై పొరలోనే, ఎదురుగానే ఉంది. "రెండో జంట వేస్తున్నప్పుడు ఎక్కడుంది?" నాలుగు తిప్పులు వెనక్కి జరిపి చూసింది. అప్పుడూ పై పొరలోనే ఉంది. ఆ సమయంలో తన కళ్లు చేతులు వేస్తున్న జంట మీదే ఉన్నాయి. వేళ్లకు తెలిసిపోయిన పనిని కళ్లు కాపలా కాస్తున్నాయి.

క్యూబర్లు దీన్ని లుక్అహెడ్ అంటారు. ఒక జంటను చేతులు పూర్తిచేస్తుండగానే కళ్లు తర్వాతి జంట కోసం వెళ్లాలి. దీనికి పాత మందు నెమ్మదిగా తిప్పడమే. సెకనుకు రెండు మూడు తిప్పులకు మించకుండా, కానీ ఎక్కడా ఆగకుండా. మొదట్లో చిరాకుగా ఉంటుంది. స్మార్ట్ క్యూబ్ లేనప్పుడు ఈ సాధన నమ్మకం మీద నడిచేది, ఎందుకంటే మొత్తం కాలం పెరిగినట్టే కనిపిస్తుంది. ఇప్పుడు ఖాళీలు విడిగా కనిపిస్తున్నాయి కాబట్టి, కాలం పెరిగినా ఖాళీలు తగ్గడం ఆ రోజే చూసుకోవచ్చు.

గుర్తుపట్టడానికి అంతసేపు ఎందుకు పడుతుంది? 1952లో బ్రిటిష్ మనస్తత్వవేత్త విలియం హిక్ ఒక ప్రయోగం ప్రచురించాడు. ఎదుట వెలిగే దీపాల్లో ఏది వెలిగితే దానికి తగిన మీట నొక్కాలి. దీపాల సంఖ్య పెరిగేకొద్దీ స్పందించే సమయం పెరిగింది, కానీ సంఖ్యతో సమానంగా కాదు. అవకాశాలు రెట్టింపైన ప్రతిసారీ దాదాపు ఒకే మొత్తంలో పెరుగుతూ పోయింది. ఇప్పుడు క్యూబ్ చివరి అంచెను చూడండి. కొత్తగా నేర్చేవారు 21 సందర్భాలను ఒకేసారి నేర్వలేక, ఆ అంచెను రెండు ముక్కలు చేసుకుని 6 అల్గారిథమ్‌లతో, అంటే కంఠస్థం చేసిన తిప్పుల వరుసలతో, నెట్టుకొస్తారు. మూడో అంచెలోనూ 57కు బదులు 10. కంఠస్థం చేయవలసింది 78 నుంచి 16కు తగ్గింది. కానీ రెండు చోట్ల ఆగి చూడవలసినవారు నాలుగు చోట్ల ఆగుతున్నారు. హిక్ లెక్క ప్రకారం 21లో ఒకదాన్ని పట్టుకోవడం 6లో ఒకదాన్ని పట్టుకోవడం కంటే కొంచెమే కష్టం. రెండుసార్లు ఆగడమే అసలు ఖర్చు. స్మార్ట్ క్యూబ్ ఆ రెండో ఆగడాన్ని పదో వంతు సెకన్లతో సహా చూపిస్తుంది. 21 నేర్చుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు నేనివ్వలేను. మీ గీతలోనే ఉంది చూసుకోండి.

1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్ల మీద చేసిన పరిశోధన కూడా ఇక్కడ పనికొస్తుంది. ఆటలోంచి తీసిన బల్లను కొన్ని సెకన్లు చూపించి తీసేస్తే ఆరితేరినవారు పావుల స్థానాలు చాలావరకు చెప్పగలిగారు. అడ్డదిడ్డంగా పేర్చిన బల్ల చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. వాళ్లు పావులను ఒక్కొక్కటిగా కాక గుత్తులుగా చూస్తున్నారన్నమాట. క్యూబ్‌లో ఈ గుత్తి కట్టడం చేతుల్లో జరుగుతుంది, యాప్‌లో కంటికి కనిపిస్తుంది. చివరి అంచెలో టీ-పెర్మ్ అనే అల్గారిథమ్ ఉంది, 14 తిప్పులు. అందులో ఒకటి కుడి ముఖాన్ని అర చుట్టు తిప్పడం కాబట్టి సెన్సర్ దాన్ని రెండుగా లెక్కపెట్టి 15 పంపుతుంది. నేర్చుకుంటున్నవారి గీతలో ఇది నాలుగైదు ముక్కలుగా విరిగి కనిపిస్తుంది. ముందు ముఖం తిప్పేముందు వేలు మార్చుకోవడానికి ఒక చిన్న ఖాళీ, అర చుట్టు దగ్గర ఇంకొకటి. వారాలు గడిచేకొద్దీ ఖాళీలు మూతపడి, 15 గుర్తులూ ఒకే కట్టగా అంటుకుపోతాయి. ఒక నైపుణ్యం చేతికి రావడాన్ని ఇంత దగ్గరగా, ఇంత చవకగా చూపించే వస్తువు మరొకటి నేనెరగను.

అలాగని ప్రతి సాల్వ్ తర్వాతా తెర చూడడం మంచిదా? కాదనే అనుకుంటాను, దానికి ఆధారం కూడా ఉంది. 1984లో సాల్మొనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు కదలికలు నేర్చుకోవడం మీద అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను సమీక్షించారు. ప్రతి ప్రయత్నానికీ వెంటనే ఫలితం చెబితే సాధన సమయంలో పని బాగా సాగుతుంది. కానీ ఆ చెప్పడం ఆపేశాక చూస్తే, అప్పుడప్పుడు మాత్రమే విన్నవారు మెరుగ్గా ఉండే సందర్భాలున్నాయి. బయటినుంచి వచ్చే సమాచారం మీద ఆనుకోవడం అలవాటైతే తన చేతి స్పర్శను, తన కంటిని గమనించుకోవడం తగ్గుతుందని వారి వాదన. యాప్ చూపే అంకెల్లో నేను ఎక్కువగా భయపడేది సెకనుకు తిప్పుల సంఖ్యకు. దాన్ని పెంచడం సులువు, గబగబా తిప్పి తర్వాత ఆగితే సరిపోతుంది. అంకె మెరుగవుతుంది, సాల్వ్ పాడవుతుంది. కొన్ని సాల్వ్‌లు వరుసగా చేసి, ఆ తర్వాత ఒక్కదాన్ని తెరిచి, అందులో అన్నిటికంటే పొడుగు ఖాళీ ఒక్కటి చూడండి. మిగతావి వదిలేయండి.

పోటీలకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 2004లో ఏర్పడిన వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ పోటీల్లో స్మార్ట్ క్యూబ్‌ను అనుమతించరు. హైదరాబాద్‌లో జరిగినా, సియోల్‌లో జరిగినా నియమం అదే. 2020లో కరోనా వల్ల రెడ్ బుల్ వారి రూబిక్ క్యూబ్ ప్రపంచ కప్ ఆన్‌లైన్‌కు మారినప్పుడు మాత్రం పోటీదారులు ఇంటి నుంచే రూబిక్స్ కనెక్టెడ్ అనే స్మార్ట్ క్యూబ్‌తో ఆడారు.

కాలం లెక్క కూడా వేరు. పోటీలో 15 సెకన్ల వరకు క్యూబ్‌ను పరిశీలించి కింద పెట్టి, రెండు చేతులూ టైమర్ మీద ఉంచాలి. చేతులెత్తగానే కాలం మొదలు, మళ్లీ రెండు చేతులూ టైమర్‌ను తాకితేనే ముగింపు. క్యూబ్‌ను అందుకోవడం, వదలడం కూడా అందులో కలుస్తాయి. స్మార్ట్ క్యూబ్‌కు మొదటి తిప్పుతో కాలం మొదలై, చివరి తిప్పుతో దానంతటదే ఆగుతుంది. కాబట్టి ఇంట్లో వచ్చిన అంకె పోటీలో వచ్చేదాని కంటే చిన్నగా ఉంటుంది. రెండింటినీ ఒకే పట్టికలో రాయకూడదు. లోపల బ్యాటరీ, సర్క్యూట్ మోస్తున్న క్యూబ్ బరువూ తిరిగే తీరూ వేరుగా ఉంటాయి కనుక, పోటీ దగ్గరపడుతున్న రోజుల్లో దాన్ని పక్కన పెట్టి, పోటీకి తీసుకెళ్లే క్యూబ్‌తో, చేతులతో తాకి నడిపే టైమర్‌తోనే సాధన చేయాలి. పోటీ అయ్యాక మళ్లీ స్మార్ట్ క్యూబ్ తీసి, పాత గీత పక్కన కొత్త గీత పెట్టి చూసుకోవచ్చు.